పెరటి కబుర్లు: గుమ్మం ముందు తంగేడు

 

కుండీల్లో కొత్తిమీర గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను నాలుగు రోజులు వదల్లేదు. మహబూబ్‌నగర్ నుంచి ఒక చెల్లెలు రాసింది. బతుకమ్మకు తంగేడు పూలు ఏటా బజార్లో కొనుక్కోవలసి వస్తోందట. కొన్న పూలు సాయంత్రం బతుకమ్మను పేర్చే వేళకు వడలిపోతున్నాయట. "మా ఊరి గుట్ట దగ్గర నుంచి రెండుసార్లు మొక్క పీకించి తెచ్చి నాటానక్కా. పేడ ఎరువు వేశాను, పొద్దున సాయంత్రం నీళ్ళు పోశాను. రెండూ చచ్చిపోయాయి. దిక్కూమొక్కూ లేకుండా రోడ్డు పక్కన పెరిగేది నా చేతిలోనే ఎందుకు చావాలి?" అని అడిగింది.

చదవగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే నా సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఆ చెల్లెలు చంపింది రెండే, నేను మూడు చంపాను.

ఈ పేజీ కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను, మాది ప్యాపిలి. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే దారిలో డోను దాటాక, గుత్తి రాకముందు గట్ల మధ్యన వస్తుంది. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. నా పుట్టిల్లు ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. అక్కడ నల్లరేగడి నేల, కేసీ కాలువ నీళ్ళు. మా అమ్మ పెరట్లో కనకాంబరాలు, సన్నజాజులు, మరువం ఎప్పుడూ ఉండేవి. పూలు డబ్బు పెట్టి కొంటారని నాకు పెళ్ళయ్యాకే తెలిసిందంటే మీరు నమ్మరు. ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలోనే పెళ్ళి చేశారు. ఇక్కడికి వచ్చి చూస్తే ఎర్ర గరుసు నేల, కాలు పెడితే రాళ్ళు, బోరింగు దగ్గర బిందెల వరస. అయినా వయసు కదా, ఊరుకుంటానా! పుట్టింటి నుంచి గులాబీ కొమ్మలు, జాజి అంట్లు తెచ్చి నాటాను. మా అత్త నాలుగు రోజులు చూసింది, ఐదో రోజు అడిగేసింది.

"తాగేకే నీళ్ళు లేక సస్తాంటే గులాబీకి పోస్తాండావా మే?"

కోపమొచ్చింది కానీ ఆమె మాటలో తప్పేముంది? ఎనిమిది బిందెలు మోసుకొస్తే అందులో ఒక బిందె గులాబీలకు పోయేది. ఆ బిందె మోసింది నేనే అయినా, తాగేది ఇంట్లో ఏడుగురం. ఆ ఎండాకాలం గులాబీ పోయింది, జాజి పోయింది. తర్వాత చాలా ఏళ్ళు మా పెరట్లో కరివేపాకు, మునగ తప్ప మరో మొక్క లేదు.

తంగేడు మీద నా కన్ను పడింది సంక్రాంతి పుణ్యాన. మా వైపు గొబ్బెమ్మల తలమీద గుమ్మడి పూవు దొరికితే గుమ్మడి పూవు, దొరక్కపోతే తంగేడు పూవు పెడతారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తంగేడుకు లోటే లేదు. వీధి చివర నుంచి గట్టు దాకా పచ్చగా పూచి ఉండేది. పిల్లలు పరిగెత్తి పోయి ఒళ్ళో నింపుకొచ్చేవాళ్ళు. తర్వాత రోడ్డు నాలుగు వరసలయింది, పక్కనున్న పొదలన్నీ పోయాయి. వీధి చివరున్న బీడులో ప్లాట్లు వేశారు. హద్దు రాళ్ళు పాతి, జేసీబీ పెట్టి ఒక్క పూటలో అద్దంలా చదును చేశారు. ఆ ప్లాట్లలో ఈనాటికీ ఇళ్ళు కట్టింది ఇద్దరో ముగ్గురో! మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా భోగినాడు తెల్లవారుజామున ఇద్దరం బుట్ట పట్టుకుని బయల్దేరాం. గట్టు మొదటికి పోయి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది, బుట్ట అడుగు కూడా నిండలేదు. మా అత్త బుట్టలోకి చూసి, "తంగేటి పూలకు గూడా కరువొచ్చెనా!" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. సరే, ఇంట్లోనే పెంచుదామనుకున్నాను.

ఎదురింటి ఆమె విని పడీపడీ నవ్వింది. "తంగేడు ఎవరైనా ఇంట్లో నాటుకుంటారా అక్కా? రేపు జిల్లేడు గూడా నాటుతావా?" అంది. నేను పట్టించుకోలేదు. గట్టు మీద నుంచి మోకాలెత్తు మొక్క తవ్వించి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. వారానికల్లా ఎండిపోయింది. ఇంకోటి తెస్తే పది రోజులు బతికింది. మూడోదానికి వేప పిండి వేసి, గోనెపట్టా నీడ పట్టి, రెండు పూటలా నీళ్ళు పోసి పసిబిడ్డలా చూసుకున్నాను. అది అన్నిటికంటే ముందు పోయింది!

మా అత్త అరుగు మీద కూర్చుని అంతా చూస్తూనే ఉంది. మూడో మొక్క పీకి అవతల పారేస్తుంటే అప్పుడు నోరు విప్పింది. "గట్టు మీద దాన్ని ఎవురు నాటినారు మే? గింజ పడె, మొలిసె. నువ్వు గూడా గింజెయ్యి."

అంతే సంగతి! ఆ తంగేడును పీకిన చోట కాస్త లోతుగా తవ్వి చూస్తే నాకు అర్థమైంది. పైన మూరెడు మొక్కకు కింద వేరు నిటారుగా, రాళ్ళ సందుల్లోంచి చేతికందనంత లోతుకు దిగి ఉంది. ఆ తల్లివేరే దానికి ప్రాణం. ఎండాకాలంలో మనకు కనిపించని తేమను అదే తాగుతుంది, అందుకే చుట్టూ గడ్డి మాడిపోయినా తంగేడు ఆకు రాల్చదు. మనం గడ్డపారతో తవ్వినప్పుడు తెగేది ఆ వేరే. అది తెగాక ఎన్ని బిందెలు పోసినా లాభం లేదు, పైగా మిగిలిన పిల్లవేళ్ళు నీళ్ళకు కుళ్ళిపోతాయి. మహబూబ్‌నగర్ చెల్లెమ్మా, నీ చేతిలో ఏ దోషమూ లేదు. మొక్కను తేవడమే తప్పు, గింజను తేవాలి.

ఇక గింజల సంగతి. మా ఊరికి పడమర తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి వాన పడిందంటే జనం పొలాల్లో వజ్రాల కోసం వెతుకుతారు, మీరు పేపర్లో చదివే ఉంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తలవంచుకుని, ఎర్ర మట్టిలో మెరిసే రాయి కోసం తిరుగుతుంటారు. నేను కూడా అలాగే తలవంచుకుని తిరిగాను, తంగేడు కాయల కోసం! తంగేడు కాయ బద్దలా చదునుగా, ఎండితే గోధుమ రంగులో కాగితంలా పలచగా ఉంటుంది. ఊపితే గలగలమంటుంది. ఒక్కో కాయలో పన్నెండు నుంచి ఇరవై దాకా గింజలుంటాయి. చలికాలం పూసిన పూత ఎండలు ముదిరేసరికి ఎండుకాయ అవుతుంది. చెట్టుమీద ఎండిన కాయనే కోయండి, పచ్చికాయ గింజ మొలవదు. కాయ మీద సూది గుచ్చినట్టు చిల్లు కనిపిస్తే లోపల పురుగు పుచ్చినట్టే, పక్కన పడేయండి. బాగున్న గింజల్ని ఎండిన వేపాకుతో కలిపి గాజు సీసాలో పెట్టుకుంటే తొలకరి దాకా నిలవ ఉంటాయి.

తంగేడు గింజ పైపొర మహా గట్టిది. ఊరికే మట్టిలో వేస్తే ఈ ఏడు మొలవొచ్చు, వచ్చే ఏడు మొలవొచ్చు. దానికొక కిటుకుంది. నీళ్ళు బాగా మరిగించి పొయ్యి మీద నుంచి దించండి. దించాక రెండు నిమిషాలు ఆగి గింజలు అందులో వేసి, మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీద ఉండగా వేస్తే గింజలు ఉడికిపోతాయి సుమా! నేను మొదటిసారి అదే చేశాను. తెల్లారి చూస్తే మంచి గింజలు ఉబ్బి ఉంటాయి. ఉబ్బని వాటిని గరుకు బండ మీద కాస్త రుద్ది మళ్ళీ నానబెట్టండి. నీటిపైన తేలినవాటి మీద ఆశ వదులుకోండి.

జూన్‌లో ఒక పదును వాన పడ్డాక విత్తుకోవాలి. ఎక్కడ విత్తాలో ముందే బాగా ఆలోచించుకోండి, ఎందుకంటే తర్వాత మార్చడానికి ఉండదు. రోజంతా ఎండ తగిలే చోటు కావాలి. గోడకు నాలుగైదు అడుగుల దూరం ఉండాలి, పొద అంత విస్తరిస్తుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే కాలువ పక్కన వద్దు. మూరెడు లోతు గుంట తీసి, రాళ్ళు ఏరి, అదే మట్టి మళ్ళీ నింపండి. ఎరువు వెయ్యాలని చెయ్యి ఊరుకోకపోతే బాగా మాగిన పశువుల ఎరువు ఒక గుప్పెడు, అంతే. నాలుగు గింజలు వేలి కణుపు లోతున పెట్టి మట్టి కప్పండి. వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. జానెడు ఎదిగాక బలంగా ఉన్నదాన్ని ఒక్కదాన్నే ఉంచి మిగతావి కత్తిరించేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

మా పుట్టింటి వైపులాగా నల్లరేగడి ఉన్నవాళ్ళు నేలమట్టంలో విత్తకండి. ఆ నేలలో నీళ్ళు నిలుస్తాయి. గరుసు, ఇసుక కలిపి మోకాలి సగం ఎత్తు గుట్టలా చేసి దానిమీద విత్తండి. మిద్దె మీద కుండీలు తప్ప గత్యంతరం లేనివాళ్ళు పాత ప్లాస్టిక్ డ్రమ్ము సగానికి కోసి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి, అందులోనే గింజ వేసుకోండి. నేలలో పెరిగినంత పెరగదు, పూయడం మాత్రం పూస్తుంది.

నీళ్ళ లెక్క చెబుతాను, నాకు ఈ మొక్క మీద ప్రేమ పుట్టిందే ఆ లెక్క దగ్గర. మొదటి వానాకాలంలో వాన తప్పితే వారానికి రెండు చెంబులు. మొదటి ఎండాకాలం వారానికి రెండు మూడు చెంబులు, అదీ సాయంత్రం పూట. రెండో ఏడు నుంచి ఏమీ అక్కర్లేదు. నిజంగా ఏమీ అక్కర్లేదు! బియ్యం కడిగిన నీళ్ళు కూడా కరివేపాకుకే పోసుకోండి. గులాబీకి రోజుకొక బిందె పోసి మాటపడినదాన్ని నేను. ఈ తంగేడు విషయంలో మా అత్త ఒక్కనాడూ నోరెత్తలేదు.

మాది విత్తిన మరుసటి ఏడు వానాకాలం చివర పూసింది. మొదట ఒక కొమ్మ చివర గుత్తి, తర్వాత ప్రతి కొమ్మకూ గుత్తులు. అయిదు రేకులు, అంచులు కుచ్చిళ్ళు పెట్టినట్టు ముడతలు, రేకుల్లో సన్నని ఈనెలు. బంగారు రంగు అంటారే, అది ఇదే. ఇంచుమించు ఏడాది పొడవునా నాలుగు పూలైనా కనిపిస్తాయి కానీ వానలు వెనకపట్టాక సంక్రాంతి దాకా పొద కనిపించకుండా పూస్తుంది.

పూత మొదలవగానే గండుతుమ్మెదలు వస్తాయి. నల్లగా, లావుగా ఉంటాయని భయపడకండి, వాటి పని అవి చేసుకుపోతాయి. ఒకరోజు కూర్చుని గమనించాను. తుమ్మెద పూవును కాళ్ళతో వాటేసుకుని ఒక్కసారి జుయ్‌మని అదురుతుంది. తంగేడు పూవులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. ఆ పుప్పొడి సన్నని తిత్తుల్లో ఉంటుంది. తిత్తి చివర చిన్న రంధ్రం. తుమ్మెద అదిరిస్తే ఉప్పు డబ్బా కుదిపినట్టు పుప్పొడి రాలి దాని ఒంటికి అంటుకుంటుంది. ఇంకో పూవు మీద వాలినప్పుడు అక్కడ అంటుతుంది. ఈ సంగతి మా అమ్మాయి కాలేజీ పుస్తకంలో చూసి చెప్పింది. ఆకుల మీద పచ్చటి పురుగులు కనిపించినా మందు కొట్టకండి. అవి పసుపు తెలుపు కలిసిన సీతాకోకచిలుకల పిల్లలు. నాలుగు ఆకులు తింటాయి, తిననివ్వండి. గొడ్లు దీని జోలికి అంతగా రావు. ఆకలి మీదున్న మేకకు మాత్రం నేను పూచీ పడలేను.

కాయలు ఎండి గింజలు తీసుకున్నాక, ఎండాకాలం మొదట్లో, మోకాలెత్తున కొమ్మలు కత్తిరించండి. జాలిపడకండి. పూత కొమ్మల చివర్లలో వస్తుంది, ఒక కొమ్మ కోస్తే మూడు కొమ్మలు వేస్తుంది. కత్తిరించకపోతే మనిషిని దాటి పెరిగి, కింద కట్టెలు, పైన పూలు అన్నట్టు తయారవుతుంది. కోసిన ఆకు పారేయవద్దు. వరిమళ్ళలో తంగేడు రొట్ట తొక్కించడం మన పెద్దవాళ్ళకు తెలిసిన ఎరువే. నేను మునగ మొదట్లో పరిచి మట్టి కప్పుతాను. పుల్లలు పళ్ళు తోముకోవడానికి మా అత్త తీసుకుంటుంది. ఆమెకు ఇప్పటికీ పేస్టు రుచించదు.

ఈ పొద మీద ఒకప్పుడు ఎంత పెద్ద వ్యాపారం నడిచిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. తంగేడు బెరడు వగరు. ఆ వగరుతోనే మన ఊళ్ళలో తోళ్ళు ఊనేవారు. బావుల్లోంచి కపిలతో నీళ్ళు తోడిన తోలు బానలు, ఎద్దుల పట్టెళ్ళు, కిర్రు చెప్పులు అన్నీ ఆ బెరడు చలవే. తెల్లదొరల కాలంలో మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లండుకు ఓడలకెక్కిన తోళ్ళలో ఎన్నో ఈ బెరడుతో ఊనినవే. ఇంగ్లీషులో దీని పేరుకే తోళ్ళు ఊనేవాళ్ళ చెట్టు అని అర్థం. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి తుమ్మజాతి చెట్ల బెరడు దిగుమతి కావడంతో మన తంగేడు వెనకబడింది. ఆ తెలంగాణ చెల్లెలికి ఇంకో మాట. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తంగేడు పూవునే మీ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు, కనుక నిన్ను చూసి ఎవరైనా నవ్వితే ఆ మాట చెప్పు! మాకూ ఒక గొప్ప ఉంది లెండి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించానని ఆయన అందులో చెప్పుకున్నాడు. అంతటి చక్రవర్తి మొక్కలు నాటించి రాళ్ళ మీద రాయించుకుంటే, ఎదురింటామెకు జవాబు చెప్పుకోవడానికి నాకు సిగ్గెందుకు?

ఒక ముఖ్యమైన జాగ్రత్త. పచ్చటి పూవు పూసిన ప్రతిదీ తంగేడు కాదు. వానాకాలంలో దిబ్బల మీద కసింద మొలుస్తుంది. దాని పూవు కూడా పసుపే, ఆకూ చూడ్డానికి ఆ కుటుంబమే. కానీ నలిపితే చెడ్డ వాసన, ఆకులు పెద్దవి, మొనదేలినవి, ఒక రెమ్మకు నాలుగైదు జతలే. తంగేడు ఆకులు చిన్నవి, చివర గుండ్రం, ఎనిమిది నుంచి పన్నెండు జతలు. అన్నిటికంటే సులువైన గుర్తు, తంగేడు రెమ్మ కొమ్మకు అతుక్కునే చోట చెవి తమ్మెలాంటి గుండ్రటి చిన్న ఆకు ఉంటుంది. శాస్త్రంలో దీనికి పెట్టిన పేరు సెన్నా ఆరిక్యులేటాలో చెవి అన్న మాట దీన్నిబట్టే వచ్చింది. ఈ తేడా ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, పడమటి ఉత్తరప్రదేశ్‌లో చలికాలంలో పసిపిల్లలు ఉన్నట్టుండి జబ్బుపడి చనిపోతుంటే, ఆడుకుంటూ కసింద గింజలు తినడమే దానికి కారణం కావచ్చునని 2007లో డాక్టర్లు బయటపెట్టారు. మీ ఇంటి చుట్టుపక్కల కసింద ఉంటే కాయ పట్టకముందే పీకించేయండి.

ఇప్పుడు పూలను ఏం చేసుకోవచ్చో రెండు ముక్కలు. తెల్లవారి మంచు ఆరాక పూలు కోసి, పురుగు పుట్రా దులిపి, కడిగి, నీడన పల్చటి బట్ట మీద నాలుగైదు రోజులు ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు పోతుంది. సున్నిపిండికి అరకేజీ పెసలు, పావుకేజీ శనగపప్పు, రెండు గుప్పెళ్ళు ఎండిన తంగేడు పూలు, యాభై గ్రాముల కస్తూరి పసుపు, రెండు చెంచాల మెంతులు కలిపి మరపట్టించండి. పిల్లలకు నలుగు పెట్టడానికి సబ్బుకంటే హాయిగా ఉంటుంది. శ్రీలంకలో ఈ పూలతో కాచిన నీళ్ళను రణవర అని టీలాగా తాగుతారు. గ్లాసున్నర నీళ్ళలో చెంచాడు ఎండుపూలు వేసి గ్లాసుడు అయ్యేదాకా మరిగించి, వడగట్టి, చిన్న బెల్లం ముక్క వేసుకుంటే సరి. కాస్త వగరుగా ఉంటుంది. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు వద్దు.

ఇక్కడ నేను ఒక విషయం దాచకుండా చెప్పాలి. తమిళనాట సిద్ధవైద్యంలో షుగరుకు ఈ పూలు వాడతారు. మా వైపూ ఆ మాట అందరూ అంటారు. నేనూ అన్నాను. మా తోడికోడలు, నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను, డోనులో ఉంటుంది. షుగరు వచ్చి ఆరేళ్ళు. నా తంగేడు విరగబూసిన ఏడు పెద్ద డబ్బా నిండా ఎండుపూలు పట్టుకెళ్ళి ఇచ్చి, "రోజూ కాచుకుని తాగక్కా, షుగరు ఇట్టే దిగుతుందంట" అని గొప్పగా చెప్పి వచ్చాను. నా చెట్టు పూలని మురిపెం, అంతే. ఆమె రెండు నెలలు పూలనీళ్ళు తాగింది, మాత్రలు ఆపేసింది. చెప్పు కరిచి కాలివేలి దగ్గర చిన్న పుండయింది. నొప్పి తెలియలేదు, ఎవరికీ చెప్పలేదు. కర్నూలు తీసుకెళ్ళేసరికి వేలు నల్లబడింది. వేలు తీసేశారు.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని నేను ఏడుస్తుంటే, "నువ్వు పూలిచ్చినావు గానీ మాత్రలు మానమని చెప్పలేదు కదమ్మా" అని నన్నే ఓదార్చింది. నిజమే, మానమని చెప్పలేదు. మానవద్దని కూడా చెప్పలేదు! ఆ రెండో మాట చెప్పడానికి ఎంతసేపు పట్టేది?

అందుకని ఇప్పుడు మీకు చెబుతున్నాను. షుగరు ఉన్నవాళ్ళు ఈ పూలనీళ్ళ కోసం ఒక్కపూట మాత్ర కూడా మానవద్దు. మాత్రలు వేసుకుంటూ దీన్ని తాగినా షుగరు మరీ దిగిపోయి కళ్ళు తిరగొచ్చు, కనుక డాక్టరుకు చెప్పకుండా అదీ వద్దు. రోజూ రాత్రి కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు, అరికాళ్ళు దీపం వెలుగులో చూసుకోండి. మీకు కనిపించకపోతే ఇంట్లో పిల్లల్ని చూడమనండి. మా అక్క ఇప్పుడు అలాగే చేస్తోంది, మాత్రలు వేళకు వేసుకుంటోంది. నిరుడు సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు గొబ్బెమ్మలకు పూలు కోసింది ఆమే. సున్నిపిండికి తప్ప ఎండుపూలు ఎవరికీ డబ్బాలో పోసి ఇవ్వడం నేను మానేశాను.

చెల్లెమ్మా, ఈ జూన్‌లో గింజ వేస్తే ఈ బతుకమ్మకు అందదు. ఈ ఏడు బజారు పూలే. వచ్చే ఏడు మాత్రం నీ గుమ్మం ముందు పూలు నువ్వు కోసుకుంటావు. కొన్నవి వడలకుండా ఉండాలంటే కాడలు నీళ్ళలో పెట్టి, పైన తడి నూలుబట్ట కప్పి నీడన ఉంచు. గింజలు పంపమని నాకు ఉత్తరం రాయకండి, పంపను. మీ ఊరి గట్టు మీద పండిన గింజే మీ నేలకు బాగా నప్పుతుంది. ఏరేటప్పుడు ఒక్క పొద కాయలన్నీ దులపకుండా నాలుగు పొదల్లో తలా రెండు కాయలు తెచ్చుకోండి. మా వీధిలో ఇప్పుడు మూడిళ్ళ ముందు తంగేడు ఉంది. ఒకటి ఎదురింట్లోదే, గింజలు నా సీసాలోవే.

వచ్చేవారం నూరువరహాల గురించి చెప్పుకుందాం. ఎర్రవి, పసుపువి రెండూ. అంటు కట్టడానికి వేలెడు మందం కొమ్మ ఒకటి ఇప్పుడే చూసి పెట్టుకోండి.